ఒకే గడిలో రెండు జవాబులు: స్యాద్వాదం, సంభావ్యత, సిద్ధగోరా

జంషెడ్‌పూర్ నగరానికి తూర్పు భాగాన ఉన్న సిద్ధగోరా పేట తెలుగువారికి అపరిచితమైనది కాదు. 1907లో టాటా ఇనుము, ఉక్కు కంపెనీ ఏర్పడి, 1912లో ఉక్కు ఉత్పత్తి ఆరంభమైన తరువాతి దశాబ్దాలలో ఉత్తరాంధ్ర, గంజాం ప్రాంతాల నుండి ఉపాధికై సువర్ణరేఖా తీరానికి తరలివచ్చిన కుటుంబాలకు ఈ నగరం స్థిరనివాసమైనది. ఆ కుటుంబాలలో ఇప్పుడు మూడవ తరం, నాలుగవ తరం పెరుగుతున్నది. అటువంటి ఒక ఇంటి గుమ్మంలో జనాభా లెక్కల గణకుడు నిలిచి, ఇంటిలోని ఒక్కొక్కరి మాతృభాష ఏదని అడిగే సందర్భాన్ని ఊహించవచ్చును. నాయనమ్మ తడుముకోకుండా “తెలుగే బాబూ” అంటుంది. మనుమరాలి విషయానికి వచ్చేసరికి జవాబు అంత సులువుగా రాదు. ఆ పిల్ల నాయనమ్మతో తెలుగులో, తమ్మునితో హిందీలో మాట్లాడుతూ పెరిగినది. తల్లి కూడా ఆ ఊళ్లోనే పుట్టి, లాలిపాట తెలుగులో పాడి, పాఠం హిందీలో చెప్పినది. మాతృభాష తెలుగు అవునా అంటే అవును. కాదా అంటే, కాదనడానికీ అంతే బలమైన కారణం ఉన్నది.

2011 నాటి గణన పత్రంలో ఈ ప్రశ్నకు కేటాయించిన గడి ఒక్కటే. అందులో ఒక్క భాష పేరే వ్రాయాలి. దేశంలో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 2011లో 8.11 కోట్లుగా తేలి, 2001లో మూడవ స్థానంలో ఉన్న తెలుగు నాలుగవ స్థానానికి వచ్చినదని, 8.30 కోట్లతో మరాఠీ దానిని దాటినదని తెలుగు పత్రికలు బాధపడినవి. ఆ మార్పుకు జననాల రేటు వంటి ఇతర కారణాలే ప్రధానం కావచ్చును. అయినా ఏ అంకె అయినా చివరికి ఇటువంటి గడుల మొత్తమే. గడిలో పట్టని జవాబు ఏమవుతుందన్నది సాంఖ్యక శాస్త్రానికే కాక తర్కశాస్త్రానికి కూడా చెందిన ప్రశ్న. ఆ ప్రశ్నను భారతీయ తత్త్వ పరిభాషలో ఎత్తిన రెండు ప్రసిద్ధ వ్యాసాలు సిద్ధగోరాకు అంత దూరం కాని కలకత్తా నుండే వెలువడినవి.

మొదటిది భారతీయ సాంఖ్యక సంస్థ స్థాపకుడు ప్రశాంతచంద్ర మహలనోబిస్ రచించిన ‘ది ఫౌండేషన్స్ ఆఫ్ స్టాటిస్టిక్స్’. 1954లో స్విట్జర్లాండ్ తత్త్వశాస్త్ర పత్రిక ‘డయలెక్టికా’లో వచ్చి, 1957లో ఆ సంస్థ పత్రిక ‘సంఖ్య’లో పునర్ముద్రితమైనది. రెండవది అదే సంపుటంలో దాని వెన్నంటి ప్రచురితమైన జె.బి.ఎస్. హాల్డేన్ వ్యాసం, ‘ది స్యాద్వాద సిస్టమ్ ఆఫ్ ప్రెడికేషన్’. బ్రిటన్‌ను వీడి ఆ సంవత్సరమే కలకత్తా వచ్చి సంస్థలో చేరిన ఈ జీవశాస్త్రవేత్త భారతీయ తర్కంపై కలం పట్టడం ఆనాడు ఆశ్చర్యం కలిగించి ఉంటుంది. రెండు వ్యాసాలూ జైనుల స్యాద్వాదాన్ని ఆధునిక సంభావ్యతా సిద్ధాంతం పక్కన నిలిపి చూసినవి. దశాబ్దాలు గడచినా వాటి ఆకర్షణ తగ్గలేదు. ఆ ఆకర్షణలోనే ఒక పొరపాటు కూడా దాగి ఉన్నది.

స్యాద్వాదం చెప్పే ఏడు భంగాలు సుప్రసిద్ధాలు: స్యాదస్తి, స్యాన్నాస్తి, స్యాదస్తి నాస్తి, స్యాదవక్తవ్యం, ఈ చివరిదానిని మొదటి మూడింటితో వరుసగా కలుపగా వచ్చే మరి మూడు. వీటిని పేర్కొన్న ప్రాచీన గ్రంథాలలో కుందకుందాచార్యుని ‘పంచాస్తికాయం’ ఒకటి. ఆ ఆచార్యుని కాలంపై పండితులలో ఏకాభిప్రాయం లేదు గాని, అనంతపురం జిల్లాలో గుంతకల్లుకు చేరువన ఉన్న కొనకొండ్లే ఆయన ఊరని చరిత్రకారుడు పి.బి. దేశాయి దక్షిణదేశ జైనాన్ని గురించిన తన గ్రంథంలో ప్రతిపాదించాడు. ఆ గ్రంథం ముద్రణ కూడా 1957లోనే జరగడం ఒక యాదృచ్ఛిక విశేషం. కలకత్తా సాంఖ్యకులు చర్చకు తెచ్చిన సప్తభంగికి ఒక మూలం రాయలసీమ గుట్టల నడుమ ఉన్నదని తెలుగు పాఠకులు గుర్తించినట్లు కనబడదు. సిద్ధగోరా వైపు నుండి చూచినా జైనం పరాయిది కాదు. ఇరవైమంది తీర్థంకరులు నిర్వాణం పొందినట్లు జైనులు విశ్వసించే పారస్‌నాథ్ కొండ ఈ జార్ఖండ్‌లోనే ఉన్నది. సింగ్‌భూమ్ ప్రాచీన రాగి గనులను త్రవ్వినవారు శరాకులని, అనగా శ్రావకులని, 19వ శతాబ్దపు భూగర్భశాస్త్రవేత్త వాలెంటైన్ బాల్ వ్రాశాడు. ఉక్కు కోసం తెలుగువారు రావడానికి ఎంతో ముందు, ఆ నేలపై లోహం తీసినవారు స్యాద్వాద సంప్రదాయానికి చెందినవారన్నమాట.

మహలనోబిస్ వాదం స్థూలంగా ఇది. పైకెగురవేసిన నాణెం బొమ్మ పడవచ్చు, పడకపోవచ్చు. ఎగురవేయక ముందు దానిని గురించి నిర్ధారణగా చెప్పగలిగినది లేదు. ఈ ‘నిర్ధారణకు రానిది’ అనే స్థితిని ఆయన అవక్తవ్యంతో పోల్చి, ‘ఉన్నది’, ‘లేదు’ అనే రెంటిని మించిన ఆ వర్గంలో ఆధునిక సంభావ్యతకు తార్కికమైన పునాదిని చూచాడు. హాల్డేన్ మరొక దారి పట్టాడు. మసక వెలుగును ఒక వ్యక్తికి పదే పదే చూపి, కనబడుతున్నదా అని అడిగితే కొన్నిసార్లు అవునని, కొన్నిసార్లు కాదని, కొన్నిసార్లు చెప్పలేనని అంటాడు. మూడు రకాల జవాబుల నుండి ఏర్పడగల శూన్యేతర ఉపసమితులు ఏడు, సప్తభంగులూ ఏడే. లెక్క చక్కగా సరిపోయినది. అంత చక్కగా సరిపోయినప్పుడే విమర్శకుడు కొంచెం ఆగి చూడవలసి ఉంటుంది.

మొదటి సందేహం ‘స్యాత్’ అనే పదం దగ్గరే వస్తుంది. అది ‘అస్’ ధాతువు విధిలింగ రూపం కనుక ‘కావచ్చును’, ‘బహుశా’ అని అనువదించడం వాడుకైనది. సంభావ్యతతో పోలికకు మొదటి మెట్టు ఈ అనువాదమే. జైన తార్కికులు మాత్రం దీనిని నిపాతంగా గ్రహించి, ‘కథంచిత్’, అనగా ‘ఒకానొక దృష్టితో’ అనే అర్థాన్ని నిర్ణయించారు. సమంతభద్రుని ‘ఆప్తమీమాంస’ దీనికి ప్రమాణం. ఘటం తన ద్రవ్యం, తన స్థలం, తన కాలం, తన భావం దృష్ట్యా ఉన్నది. పరవస్తువుల ద్రవ్యాదుల దృష్ట్యా లేదు. ఇందులో ‘బహుశా’కు తావు లేదు. ఘటం తన చోట నూటికి నూరుపాళ్లూ ఉన్నది. తెలుగులో ఈ భేదం మరింత స్పష్టం. తెలియనివాడు “ఏమో” అంటాడు. రెండు వైపులా తెలిసినవాడు “అవునూ, కాదూ” అంటాడు. ఈ రెండు జవాబులనూ ఏ తెలుగువాడూ ఒకటిగా వినడు.

రెండవ సందేహం ఇంతకన్నా లోతైనది. మూడవ భంగమైన ‘అస్తి నాస్తి’కీ, నాలుగవదైన ‘అవక్తవ్యం’కీ తేడా ఏమిటి? జైన సంప్రదాయం ఇచ్చే సమాధానం ఇది: అస్తిత్వ నాస్తిత్వాలను క్రమంగా, ఒకదాని తరువాత ఒకటి చెప్పదలచితే మూడవ భంగం. రెంటినీ ఒకేసారి, సమప్రాధాన్యంతో చెప్పదలచితే దానికి తగిన ఒక్క శబ్దం భాషలో లేదు. అందువలన అది అవక్తవ్యం. ఇక్కడ తెలియనిదేమీ లేదు. తెలిసినదంతా ఒక్క మాటలో ఇమడకపోవడమే ఉన్నది. అవక్తవ్యం జ్ఞానలోపం కాదు, వాక్కుకున్న పరిమితి. మహలనోబిస్ దానిని ‘ఇంకా తేలనిది’గా, హాల్డేన్ ‘చెప్పలేను’ అనే సందిగ్ధంగా తీసుకున్నారు. నిండి పొర్లుతున్న పాత్రను వారు ఖాళీ పాత్రగా లెక్కించారు. తరువాతి కాలపు పండితులలో బిమల్ కృష్ణ మతిలాల్, జోనార్డన్ గనేరి, గ్రాహం ప్రీస్ట్ వంటివారు సప్తభంగిని బహుమూల్య తర్కంగా, వైరుధ్యాన్ని సహించే తర్కంగా పరిశీలించిన తరువాత ఈ పొరపాటు ఇంకా స్పష్టంగా కనబడుతున్నది.

అయితే వారిని నిందించడం న్యాయం కాదు. ప్రాచీనులకు సంభావ్యతా గణితం తెలుసునని మహలనోబిస్ చెప్పలేదు. తన ఆలోచనలకు స్యాద్వాదం అనుకూలమైన నేపథ్యం అవుతున్నదని మాత్రమే అన్నాడు. ఆ జాగ్రత్త ఆయన్ను ఉదాహరించిన చాలామందిలో లోపించినది. పూర్వులకు అన్నీ తెలుసునన్న ఉత్సాహంలో, సప్తభంగిలో ఒక్క భిన్నం గాని, ఒక్క అనుపాతం గాని లేదన్న సంగతిని వారు మరచారు.

హాల్డేన్ పద్ధతిలో మరొక సుగుణం ఉన్నది. ఒకే ప్రశ్నకు ఒకే మనిషి ఇచ్చే భిన్నమైన జవాబులను సగటు చేయకుండా, సమితిగా అలాగే నిలిపి ఉంచాడు. సాంఖ్యక శాస్త్రంలో సగటుకున్న పలుకుబడి దృష్ట్యా ఇది చిన్న విషయం కాదు.

సగటు ఏమి చేస్తుందో చూడటానికి సిద్ధగోరా వంటి పేటలో నూరేసి ఇళ్లున్న రెండు వీధులను ఊహిస్తే చాలును. మొదటి వీధిలో నలభై ఇళ్లవారు తమ ఇంటి భాష తెలుగే అన్నారు. నలభై ఇళ్లవారు తెలుగు కాదన్నారు. ఇరవై ఇళ్లవారు అవునూ, కాదూ అన్నారు. రెండవ వీధిలో నలభై అవును, నలభై కాదు. మిగిలిన ఇరవై ఇళ్లకు తాళం వేసి ఉన్నది. 1933లో కోల్మోగొరోవ్ స్థిరపరచిన సాంప్రదాయిక సంభావ్యతలో ఒక ప్రతిపాదన, దాని నిషేధం కలిసి ఒకటి కావాలి. కనుక మిగిలిన ఇరవైని చెరిసగం పంచడమో, వదలివేయడమో జరుగుతుంది. ఎలా చేసినా రెండు వీధులకూ అంకె ఒక్కటే: సగం. కాని రెండవ వీధికి గణకుడు మళ్లీ వెళితే తాళాలు తీసి ఉండవచ్చును, సందేహం తీరవచ్చును. మొదటి వీధికి పదిసార్లు వెళ్లినా అదే జవాబు వస్తుంది. సమాచారం పెరిగినకొద్దీ అజ్ఞానం తగ్గుతుంది; వైరుధ్యం తగ్గాలన్న నియమం లేదు. తెలుగు తరగతి ఒకటి పెట్టదలచినవారికి మొదటి వీధిలో అరవై ఇళ్లు పనికివస్తాయి. సగం అన్న అంకె వాటిలో పదింటిని చడీచప్పుడూ లేకుండా చెరిపివేస్తుంది.

ఈ భేదాన్ని గణితంలోనికి తెచ్చిన ప్రయత్నాలు గత అర్ధ శతాబ్దంలో అనేకం వచ్చినవి. ఆర్థర్ డెంప్‌స్టర్ 1967లో ప్రారంభించి, గ్లెన్ షేఫర్ 1976లో విస్తరించిన విశ్వాస ప్రమేయాల సిద్ధాంతం అజ్ఞానానికి న్యాయం చేసినది. ‘అవును’కు, ‘కాదు’కు పంచగా మిగిలిన భాగాన్ని ఎవరికీ ఇవ్వకుండా పక్కన ఉంచవచ్చునని అది అంగీకరిస్తుంది. తాళం వేసిన ఇళ్లు తాళం వేసినట్లే ఉంటాయి. కాని వైరుధ్యం ఎదురైనప్పుడు ఈ సిద్ధాంతం తడబడినది. లోత్ఫీ జాదే 1979లో చూపిన ఉదాహరణ ప్రసిద్ధం. ఒకే రోగిని చూచిన ఇద్దరు వైద్యులలో ఒకరు మెదడుపొర వాపు అని 0.99 పాలు, కణితి అని 0.01 పాలు నమ్మారు. రెండవవారు తలకు తగిలిన దెబ్బ ప్రభావం అని 0.99, కణితి అని 0.01 నమ్మారు. డెంప్‌స్టర్ నియమం ప్రకారం ఇద్దరికీ పొసగని 0.9999 భాగాన్ని తొలగించి, పొసగిన 0.0001 భాగాన్ని ఒకటికి పెంచాలి. ఫలితం: కణితి తప్పదు! ఇద్దరూ దాదాపు కాదన్నదే ఖాయమైనది. విభేదాన్ని చెత్తబుట్టలో వేసిన లెక్క ఇలాగే పరిణమిస్తుంది.

వైరుధ్యానికి ప్రత్యేకంగా చోటిచ్చినవారిలో రుమేనియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఫ్లోరెంటిన్ స్మరండాకే పేరు ఎక్కువగా వినబడుతుంది. 1995లో ఆయన ప్రతిపాదించిన న్యూట్రోసోఫీలో ప్రతి వాక్యానికీ సత్యం, అనిర్ధార్యత, అసత్యం అనే మూడు అంకెలుంటాయి. ప్రతి అంకె సున్నకూ ఒకటికీ మధ్య స్వతంత్రంగా ఉండవచ్చును. మూడింటి మొత్తం మూడు దాకా పోవచ్చును. మొత్తం ఒకటికి తగ్గితే సమాచారం చాలదని, మించితే సమాచారంలో వైరుధ్యం ఉన్నదని అర్థం. ఉదారమైన ఏర్పాటే. భారతదేశంలో దీనిపై వెలువడిన పరిశోధన పత్రాలు కూడా కొల్లలు. కాని ఉదారత్వం ఒక్కటే సిద్ధాంతం కాజాలదు. సత్యం 0.8, అసత్యం 0.7 అని చెప్పినప్పుడు ఆ అంకెలు ఏ కొలత నుండి వచ్చినవో, వాటిని నమ్మి ఏ పని చేయాలో ఈ సాహిత్యంలో చాలా భాగం చెప్పదు. అంకెలను మూడు గడులలో నింపడం సుళువు; వాటికి జవాబుదారీ ఏర్పరచడం కష్టం. పైగా ‘అనిర్ధార్యత’ అన్న ఒకే సంచిలో తెలియకపోవడం, అస్పష్టత, తటస్థత అన్నీ చేరడం వలన, మహలనోబిస్ నాటి గందరగోళం కొత్త వేషంలో తిరిగి వచ్చినది.

జవాబుదారీ అన్న మాటకు సంభావ్యతలో నిర్దిష్టమైన అర్థం ఉన్నది. ఒక విషయం నిజమైతే రూపాయి ఇచ్చే చీటీని డెబ్బై పైసలకు, కాకపోతే రూపాయి ఇచ్చే చీటీని అరవై పైసలకు కొన్నవాడు ఏది జరిగినా ముప్పై పైసలు పోగొట్టుకుంటాడు. బ్రూనో డి ఫినెట్టి ప్రసిద్ధం చేసిన ఈ పందెపు వాదం, మొత్తం ఒకటికి మించరాదన్న నియమానికి గట్టి కావలి. న్యూట్రోసోఫీ దీనికి సూటిగా బదులు చెప్పదు. బదులు మరొక దిక్కు నుండి వచ్చినది. రెండు చీటీలూ చెల్లే సందర్భం ఉంటే ఏమిటి? 2001లో జెఫ్ పారిస్ అనే గణితశాస్త్రవేత్త ఈ వాదాన్నే సాంప్రదాయికం కాని తర్కాలకు విస్తరించి, ఒక్కొక్క తర్కానికీ తగిన సంభావ్యతా నియమాలు దాని నుండి లభిస్తాయని చూపాడు. అక్కడ మిగిలేది పాఠశాలలోనే నేర్పే సామాన్య సూత్రం: ‘అవును’ సంభావ్యత, ‘కాదు’ సంభావ్యత కలిపితే, ‘అవును లేక కాదు’ సంభావ్యత, ‘అవును మరియు కాదు’ సంభావ్యత కలిపినంత. సాంప్రదాయిక తర్కంలో వీటిలో మొదటిది ఒకటి, రెండవది సున్న అని ముందే స్థిరపడి ఉన్నవి. ఆ రెండు షరతులు సడలిస్తే సూత్రం చెడదు. మొదటి వీధిలో అరవై, అరవై కలిసి నూట ఇరవై. నూరు ఇళ్లు, వాటిపై రెండు జవాబులూ ఇచ్చిన ఇరవై. రెండవ వీధిలో నలభై, నలభై కలిసి ఎనభై; అక్కడ జవాబు దొరికినదే ఎనభై ఇళ్లలో. మొదటి వీధిలో వైరుధ్యం ఒకటికి పైన, రెండవ వీధిలో అజ్ఞానం ఒకటికి క్రింద, ఒకదానితో ఒకటి కలియకుండా నిలిచినవి. దీనికి మూడు స్వేచ్ఛాంకెల అవసరం లేదు.

ఇక్కడ సాంఖ్యకుడు లేవనెత్తగల ఆక్షేపణ ఒకటి ఉన్నది. అది బలమైనది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి 1941లో మహలనోబిస్ సంస్థలో చేరి, 2023లో మరణించేవరకు సాంఖ్యక ప్రపంచంలో తెలుగువారికి తలమానికంగా నిలిచిన కల్యంపూడి రాధాకృష్ణారావు తన ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ గ్రంథంలో, అనిశ్చిత జ్ఞానం సైతం దాని అనిశ్చితి పరిమాణం తెలిస్తే ఉపయోగపడే జ్ఞానమవుతుందని బోధించాడు. ఆ మార్గాన నడిచేవారు ఇలా అడగవచ్చును: సిద్ధగోరా ఇంటిలో వైరుధ్యం ఎక్కడ ఉన్నది? ప్రశ్న సరిగా లేదు, అంతే. ‘నాయనమ్మతో ఏ భాష?’, ‘బడిలో ఏ భాష?’, ‘లెక్కలు మనసులో చేసుకునేది ఏ భాషలో?’ అని విడివిడిగా అడిగితే ప్రతిదానికీ ఒక్క జవాబే వస్తుంది. పాత సంభావ్యతే చాలును.

విశేషమేమంటే, ఇది స్యాద్వాది చెప్పే మాట కూడా. ఏ దృష్టితోనో చెప్పు, అప్పుడు విరోధం ఉండదు అన్నదే ‘స్యాత్’ పదానికి తాత్పర్యం. ఆ విధంగా చూస్తే జైనులు వైరుధ్యాన్ని ఆరాధించినవారు కారు, దానిని విడదీసి చూపినవారు. సాంఖ్యకుడూ స్యాద్వాదీ ఇంతవరకు కలిసి నడుస్తారు. అయితే విడదీయడానికి అవకాశం లేని చోట, ఒకే మాట చెప్పి తీరవలసిన చోట ఏమి చేయాలన్న దగ్గర వారి దారులు చీలుతాయి. సాంఖ్యకుడు అక్కడ ఒక అంకె వేస్తాడు. స్యాద్వాది అక్కడ ‘అవక్తవ్యం’ అంటాడు. ఆ మాట ఇంటిలోని మనుమరాలిని గురించినది కాదు. ఆ పిల్లకు తన భాషలు రెండూ బాగుగానే తెలుసును. ఎవరితో ఏది మాట్లాడాలో ఎన్నడూ పొరబడదు. అవక్తవ్యం గడిని గురించినది.

గణన పత్రంలో మాతృభాష గడి పక్కనే మరొక అంశం ఉన్నది: తెలిసిన ఇతర భాషలు. అక్కడ గరిష్ఠంగా రెండు భాషలను, వాటిలోని ప్రావీణ్యాన్ని అనుసరించి వరుసగా వ్రాయవచ్చును. మనుమరాలికి మొదటి గడిలో తెలుగు అని వ్రాసి రెండవచోట హిందీ వ్రాయవచ్చును; లేదా మొదట హిందీ వ్రాసి తరువాత తెలుగు చేర్చవచ్చును. ఒకదాని తరువాత ఒకటిగా చెప్పే మూడవ భంగానికి ఆ పత్రం ఇంతమాత్రం చోటిచ్చినది. రెంటినీ సమంగా, ఒకేసారి చెప్పదలచిన ఇంటికి చోటు లేదు. సిద్ధగోరా తెలుగువారు ఎందరన్న ప్రశ్నకు వచ్చే అంకె, గుమ్మంలో ఏ పేరు ముందు పలికిందన్నదానిపై ఆధారపడి ఉన్నది.